మొసలి గుడ్డు కోసం పోయిన చెయ్యి

అది 1971వ సంవత్సరం. మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్ళే దారిలో ఒక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. నేను అందులో స్టాఫ్ నర్సుని. రెండు వార్డులు, ఒక ఆపరేషన్ గది, ఒకే ఒక డాక్టరు. దాని పేరు రాయను. ఇప్పుడది లేదు కూడా. నర్సుగా చేసిన ఇన్నేళ్ళలో చెప్పుకోదగ్గ మంచి కేసులు చాలా ఉన్నాయి. చనిపోతుందనుకున్న బిడ్డ బతికిన కేసులున్నాయి, నడవలేడన్న మనిషి నడిచి ఇంటికి వెళ్ళిన కేసులున్నాయి. కానీ మీకు బాగా గుర్తున్న కేసు ఏదని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది సైదులే. కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. తగ్గలేదు. ఇక తగ్గదని తెలిసి రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక మా చుట్టుపక్కల పరిస్థితి మారిపోయింది. జొన్న చేలు వరి మళ్ళయ్యాయి. మిల్లులు లేచాయి. కొందరి చేతుల్లో ఏం చేసుకోవాలో తెలియనంత సంపద చేరింది. అలాంటి వాళ్ళలో కాలువ తవ్వకం పనులు చేసిన ఒక కంట్రాక్టరు, కాలువ పక్కనే పెద్ద తోట కొని అందులో జంతువులను పెట్టాడు. జింకలు, నెమళ్ళు, కొండచిలువ, మొసళ్ళు, ఉడుములు. జనం దాన్ని జంతువుల తోట అనేవాళ్ళు. ఆదివారం వస్తే సూర్యాపేట నుంచి, హుజూర్‌నగర్ నుంచి బస్సుల్లో, పెన్‌పహాడ్ వైపు ఊళ్ళ నుంచి బండ్ల మీద వచ్చి చూసేవాళ్ళు.

అంతకుముందు క్రిస్మస్ సెలవుల్లో నేనూ మా అక్క పిల్లలతో ఒకసారి వెళ్ళాను. గుండ్రటి గుంటలో ఎండిన చెట్టు మొద్దు పడేసి దాని మీద ఉడుములను వదిలారు. నా చేతి పొడవున్నవి కొన్ని, అంతకన్నా పెద్దవి రెండు. చీలిన నాలుక బయటపెట్టి లోపలికి తీసుకుంటూ, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు నడిచేవి. సిమెంటు గోడకు గోళ్ళు దిగక సగం దాకా ఎక్కి జారిపోయేవి. అది చూసి జనం నవ్వేవాళ్ళు. మొసళ్ళది వేరే తొట్టి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఇసుక. అన్నిటికన్నా పెద్ద ఆడమొసలి ఇసుక మీద నోరు తెరుచుకుని కదలకుండా పడుకుని ఉంది. బొమ్మా, నిజందా అని జనంలో వాదన. తేల్చుకోవడానికి ఒకడు సోడా మూత విసిరాడు, ఇంకొకడు రాయి.

"రాళ్ళేయకుండ్రి. ఎండకు నోరు తెరిసింది, అంతే. అది మిమ్మల్నేమన్నదా?" అని గోడ అవతల నుంచి ఒక మనిషి అరిచాడు. బక్కపలచటి మనిషి, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె. జంతువులకు మేత వేసేదీ, తొట్లు కడిగేదీ అతనే. పేరు సైదులు. అతని మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. మా పిల్లలు అడిగితే ఉడుములు ఏం తింటాయో, మొసలి ఎన్నాళ్ళు తినకుండా ఉండగలదో ఓపిగ్గా చెప్పాడు. ఆ రోజు అతన్ని నేను చూసింది అంతే.

మళ్ళీ చూసింది మార్చిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. చర్చిలో ప్రార్థన అయ్యాక డ్యూటీకి వచ్చి సిరంజిలు మరగబెడుతున్నాను. వాకిట్లో ట్రాక్టరు ఆగింది. వెనక ట్రక్కులో గడ్డి పరిచి సైదులును పడుకోబెట్టారు. అతని తల భార్య నాగమ్మ ఒళ్ళో ఉంది. కుడి చేతికి తువ్వాల చుట్టి ఉంది. ఆ తువ్వాల ఏ రంగుదో చెప్పలేను.

"ఏమైంది?"

"మొసలి పట్టింది సిస్టరమ్మా" అంది నాగమ్మ. ఏడవడం లేదు. పళ్ళు గట్టిగా కరిచిపట్టి మాట్లాడుతోంది.

"ట్రాక్టరు మీద ఇంతదూరం ఎట్లా తెచ్చారు? కంట్రాక్టరు గారి జీపు లేదా?"

"ఉన్నది. రెండున్నయి. వచ్చిన సుట్టాలది ఇంకోటున్నది. నెత్తురైతే సీట్లు ఖరాబైతయన్నరు."

నా కోపం అక్కడ మొదలైంది. కానీ ముందు పని ఉంది.

మొసలి కాటు కుక్క కాటులా ఉండదు. అది కొరకదు, పట్టుకుంటుంది. పట్టుకున్నాక తన ఒళ్ళంతా మెలి తిప్పుతుంది. మణికట్టు దగ్గర నుంచి మోచేతి కింద దాకా ఎముక నుజ్జయి, కండ తాడులా పేనుకుపోయి ఉంది. వేళ్ళు రెండు లేవు. మిగిలినవి చల్లగా, తెల్లగా ఉన్నాయి. ట్రాక్టరు డ్రైవరు మోచేతి పైన గుడ్డతో బిగించి కట్టాడు. దాన్ని మేము టూర్నికే అంటాం, రక్తం కారకుండా నాళాన్ని నొక్కిపెట్టే కట్టు. ఆ డ్రైవరు కట్టకపోతే దారిలోనే పోయేవాడు. సెలైన్ పెట్టాను. డాక్టరు గారికి కబురు పంపాను. ఏ.టి.ఎస్. అంటే ధనుర్వాతం రాకుండా ఇచ్చే సూది. అది కొందరికి పడదు గనుక ముందు చుక్కంత చర్మం కింద ఇచ్చి చూడాలి. అదీ ఇచ్చాను.

ఇదంతా చేస్తుంటే గుప్పున బ్రాందీ వాసన. అతని చొక్కా, తువ్వాల, పంచె అంతా అదే వాసన.

"తాగాడా నాగమ్మా? నిజం చెప్పు. మత్తు ఇవ్వాలి, నాకు తెలియాలి" అన్నాను.

"తాగలే సిస్టరమ్మా. పొద్దుగాల జొన్న గటుక తిని పోయిండు. గాడ తాగుతున్నోళ్ళు సుట్టాలు. నెత్తురాగుతదని వాళ్ళ సీసానే చెయ్యి మీద వంపిండ్రు. మందు పోస్తున్నమనుకున్నరు."

ఈ మాట నేను నమ్మితే సరిపోదు. నర్సు పనిలో నమ్మకం కాదు కావలసింది. అప్పట్లో మా దవాఖానలో మత్తు అంటే ఈథర్. మూతి మీద గాజుగుడ్డ మాస్కు పెట్టి చుక్క చుక్కగా పోసేవాళ్ళం. కడుపులో అన్నం ఉంటే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ముందే నోట్లోంచి కడుపులోకి రబ్బరు గొట్టం దించి, కడుపు ఖాళీ చేయాలి. స్టమక్ ట్యూబు అంటాం. దించాను. కిడ్నీ ట్రేలోకి వచ్చింది జొన్న గటుక, అంటే ఉడికించిన జొన్న రవ్వ, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిపులుసు. ట్రే ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూశాను. చింతపండు వాసన. అప్పటికి డాక్టరు గారు వచ్చారు. ఆయనకూ ట్రే చూపించాను. చూసి తల ఊపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

మోచేతి కింద నాలుగు వేళ్ళ మేర ఉంచి మిగతాది తీసేయాల్సి వచ్చింది. ఈథర్ పోసింది నేనే. మా డాక్టరు గారి చేతి నైపుణ్యం గురించి నేను ఏ మాటా తక్కువ చెప్పను. చాలా శుభ్రంగా చేశారు.

మర్నాడు జ్వరం కొంచెం తగ్గాక సైదులు మాట్లాడాడు. "వేళ్ళు గుంజుతున్నయమ్మా" అన్నాడు. లేని వేళ్ళు నొప్పి పుట్టడం మాకు తెలిసిందే. తీసేసిన అవయవం లేదని మెదడు వెంటనే ఒప్పుకోదు. అది చెబితే కాసేపు కట్టు వైపు చూసి, తర్వాత జరిగింది చెప్పాడు.

కంట్రాక్టరు ఇంటికి హైదరాబాద్ నుంచి ఎవరో పెద్ద ఉద్యోగి కుటుంబంతో వచ్చాడట. భోజనాలకు ముందు తోట చూపిస్తున్నారు. పెద్ద మొసలి ఇసుకలో గుడ్లు పెట్టి వాటి మీద కాపలా పడుకుని ఉంది. ఆ సంగతి తెలిసి ఆ వచ్చిన చుట్టం మొసలి గుడ్డు ఎప్పుడూ చూడలేదన్నాడు. కంట్రాక్టరు సైదులును పిలిచి ఒక గుడ్డు తెమ్మన్నాడు.

"ఇప్పుడు పోవద్దు సారూ, అది గుడ్ల మీదున్నది, దగ్గరికి రానియ్యదన్న. 'నీకు జీతమిచ్చేది గోడ మీద కూసోనీకా' అన్నడు. అందరు సూస్తున్నరు. ఇగ దిగిన."

"తర్వాత?"

"గుడ్డు తీసిన. ఎడమ చేత్తోటి పైకి అందిచ్చిన. గోడ ఎక్కబోతుంటె కుడి చెయ్యి అందింది దానికి."

తర్వాత అతనే అడిగాడు. "ఆ గుడ్డు ఏం చేసిండ్రో ఎరికేనా అమ్మా? మళ్ళ ఇసుకల పెట్టిండ్రా?"

నాగమ్మ జవాబు చెప్పింది. "రుమాల్ల సుట్టుకొని పట్కపోయిండు ఆ సుట్టం. నిన్ను ట్రక్కుల ఎక్కిస్తుంటె జీపెక్కిండు."

సైదులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రమే కంట్రాక్టరు మేనేజరు బుట్ట నిండా బత్తాయిలతో వచ్చాడు. వార్డులోకి పోలేదు. నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి నన్ను పిలిచారు.

"రండి సిస్టర్. చిన్న సంగతి" అన్నాడు మేనేజరు, చాలా మర్యాదగా. "రేపో ఎల్లుండో పోలీసులు వచ్చి అడుగుతారు. వీడు తాగి తొట్లోకి దిగాడు. మీ దగ్గరికి తెచ్చినప్పుడు వాసన వచ్చిందా, లేదా?"

"వచ్చింది. బట్టల మీద" అన్నాను.

"బట్టలో, నోరో. వాసన వచ్చిందిగా. ఆ ఒక్క మాట చెప్పండి, చాలు. అబద్ధం చెప్పమనడం లేదు నేను."

"అది మీ చుట్టాలు చేతి మీద పోసిన బ్రాందీ అండీ. కడుపులో ఉన్నది నేను గొట్టం వేసి తీశాను. గటుకా పులుసూ వచ్చాయి. డాక్టరు గారూ చూశారు."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా ఎక్స్‌రే గది ఆ కంట్రాక్టరు కట్టించిందే. వార్డులో తిరిగే ఫ్యాన్లూ ఆయన ఇచ్చినవే. ఆయన పేరు ఫ్యాను రెక్క రెక్క మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది.

"కరుణా, నువ్వు వెళ్ళు. తర్వాత మాట్లాడదాం" అన్నారు.

తర్వాత మాట్లాడలేదు. హెడ్ కానిస్టేబులు వచ్చిన రోజు పొద్దున్నే డాక్టరు గారు నల్లగొండలో పని ఉందని వెళ్ళిపోయారు. కానిస్టేబులుకు నేనే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. గొట్టం సంగతి, ట్రే సంగతి, జీపు సీట్ల సంగతి. ఆయన చెడ్డవాడేం కాదు. టీ తాగుతూ అంతా విన్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పేది నిజమే అయి ఉండొచ్చు. కాని నువ్వు నర్సువి. డాక్టరు చెప్తే ఒక లెక్క. ఆయన రానియ్యి, సూద్దాం" అన్నాడు.

"చూసింది నేను కదండీ."

"చూసినవు. కాని నీ మాట ఎవరు పట్టించుకుంటరమ్మా?"

ఆయన మళ్ళీ రాలేదు. డాక్టరు గారు పిలవలేదు. తాగి మొసలి తొట్లో పడ్డాడని ఊరంతా అనుకోవడం మొదలైంది. మా దవాఖానలో గదులు ఊడ్చే ఆమె కూడా అదే చెప్పింది నాకు.

ఇవన్నీ చాలవన్నట్టు సైదులు కూడా. కుట్లు విప్పుతున్న రోజు మెల్లగా అన్నాడు: "మేనేజరు సారు మనిషిని పంపిండమ్మా. తాగినట్టు ఒప్పుకుంటె తోట ఎనక కొట్టంల ఉండనిస్తరట. లేకుంటె ఖాళీ చెయ్యాల్నట. ఒప్పుకుంట. చెయ్యెట్లాగూ పోయింది. ఇల్లు గూడ పోతె ఏడికి పోవాలె?"

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది. రోగి మీద కోపగించుకోవద్దని మాకు మొదటి పాఠంలోనే చెబుతారు. పైకి చూపలేదు గానీ కత్తెర ట్రేలో పడేసిన చప్పుడు వార్డంతా వినబడింది. మంచం అవతల నాగమ్మ నిలబడి ఉంది. "నువ్వొప్పుకుంటె ఒప్పుకో. నేను మాత్రం ఒప్పుకోను. గటుక పోసింది నేను" అంది.

ఆ ఆదివారం నాగమ్మ తోట గేటు ముందు కూర్చుంది. టికెట్టు కోసం వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే చెబుతోందని మధ్యాహ్నం నాకు తెలిసింది. నాకు ఆ పూట డ్యూటీ లేదు. తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, టోపీ పెట్టుకుని బయల్దేరాను. మామూలు చీరలో వెళితే ఎవరో చుట్టం అనుకుంటారు. నేను చుట్టాన్ని కాదు, నర్సుని. అది కనబడాలి.

గేటు దగ్గర యాభై మందికి పైగా గుమిగూడారు. నాగమ్మ అరవడం లేదు. "నా పెనిమిటి చెయ్యి ఈ తోటల పోయింది. తాగి పడలే. గుడ్డు తెమ్మని దింపిండ్రు. సుట్టానికి మొసలి గుడ్డు సూడాలనిపించింది. గందుకు పోయింది. మీరు లోపటికి పోయి ఏం సూస్తరు?" అంటోంది. వాచ్‌మన్ లాగబోతే కదలలేదు. నేను పక్కన నిలబడ్డాను.

"నేను ఈమె భర్తకు మత్తు ఇచ్చిన నర్సుని. అతను తాగలేదు. కడుపులో ఏముందో నేను చూశాను" అన్నాను.

ఒకాయన "అంత తెలిస్తే పోలీసులకు చెప్పరాదా?" అన్నాడు. "చెప్పాను. మీకూ చెబుతున్నాను" అన్నాను. సూర్యాపేట నుంచి పిల్లలను తెచ్చిన ఒక మేష్టరు నా మాట విని పిల్లలందరినీ మళ్ళీ బస్సెక్కించాడు. పిల్లలు ఏడ్చారు, మొసలిని చూడాలని. ఆయన ఆగలేదు. ఆ బస్సు వెనక్కి తిరగడం చూసి మరికొందరు వెనక్కి తిరిగారు.

అప్పుడు కంట్రాక్టరు బయటికి వచ్చాడు. మల్లెపువ్వులాంటి బట్టలు, మెత్తటి గొంతు.

"ఏమ్మా, మీ ఉద్యోగం దవాఖానలోనా, నా గేటు ముందరా?"

"దవాఖానలోనే అండీ. మీ గేటు లోపలి నుంచి వచ్చిన కేసు కాబట్టి ఇక్కడిదాకా రావలసి వచ్చింది."

జనం వైపు చూసి ఆయన లెక్క మార్చుకున్నాడు. అందరూ వినేట్టు చెప్పాడు: సైదులు తాగాడని తాను ఎప్పుడూ అనలేదట, ఎవరో కిట్టనివాళ్ళు పుట్టించారట. కొట్టం అతనిదేనట. చెయ్యి మానగానే గేటు దగ్గర కూర్చునే పని ఇస్తాడట. జనం చప్పట్లు కొట్టారు. నాగమ్మ కొట్టలేదు. నేను మాత్రం గెలిచామనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తీసేసిన చేతి మొండిని మేము స్టంపు అంటాం. అది ఆరేదాకా ప్రతి వారం చూడాలి. మెత్తటి పట్టీ ఒక పద్ధతి ప్రకారం బిగించి చుడుతూ ఉండాలి. సైదులు మొదట్లో వచ్చాడు. తర్వాత ఒక వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. కట్టు సామాను సంచీలో పెట్టుకుని నేనే వెళ్ళాను. ఎండలు ముదిరాయి. కాలువ ఆపేశారు. అయినా తోట ముందు ఎప్పుడూ లేనంత జనం.

గేటు పైన కొత్త బోర్డు: మనిషి చెయ్యి తిన్న మొసలి ఇక్కడే ఉంది.

దాని కింద స్టూలు మీద ఖాకీ చొక్కా వేసుకుని సైదులు. కుడి చేతి చొక్కా చెయ్యి భుజం దాకా కత్తిరించారు. స్టంపు మీద కట్టు లేదు. మచ్చ పక్కన ఎర్రగా వాచి, ఒకచోట చీము పట్టి ఉంది. ఎడమ చేత్తో ఈగలు తోలుకుంటున్నాడు. ఎవరో పెద్దమనిషి వంగి ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. "నొప్పి పెడ్తదా?" అని అడిగాడు. వెనక నిలబడ్డ ఆమె, "జర కదిలియ్యి, సూద్దాం" అంది. సైదులు కదిలించాడు.

నేను వాళ్ళను తోసుకుని ముందుకు వెళ్ళాను. "కట్టు ఎవరు విప్పారు?"

"మేనేజరు సారు ఇప్పి కూసోమన్నడమ్మా" అన్నాడు సైదులు, నా వైపు చూడకుండా. "కట్టుంటె నమ్ముతలేరట."

ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నా ఉద్యోగంలో ఇంకొకటి వినలేదు. సంచీలోంచి గుడ్డ తీసి స్టంపు కప్పుతుంటే జనంలో ఒకడు, "టికెట్టు కొన్నమమ్మా, సూడనియ్యవా?" అన్నాడు. "నీ ఇంట్లో వాళ్ళ చెయ్యి తెచ్చి ఇక్కడ పెట్టు. చూస్తాను" అన్నాను. నర్సు అనవలసిన మాట కాదు. ఇప్పుడు అడిగినా అదే అంటాను.

నాగమ్మ ఎక్కడుందని అడిగితే లోపల మొసలి తొట్టి కడుగుతోందన్నాడు. ఇప్పుడు అతని పని ఆమె చేస్తోంది. లోపలికి వెళ్ళాను. ఇసుక అంతా తవ్వేసి ఉంది. మిగిలిన గుడ్లన్నీ గాజు పెట్టెలో వరసగా పేర్చి, రంపపు పొట్టు పోసి ఉంచారు. ఇక అవి పిల్లలయ్యేవి కావు. ఉడుముల గుంటలో ఒక్కటే మిగిలింది, మొద్దు నీడలో నాలుక కూడా ఆడించకుండా పడుకుని ఉంది. ఆ పెద్ద మొసలి చుట్టూ గోడ మీద జనం ఈగల్లా మూగి, అది నోరు తెరవాలని రాళ్ళు వేస్తున్నారు. అంతకుముందు బొమ్మేమో చూద్దామని వేసేవాళ్ళు, ఇప్పుడు చెయ్యి తిన్న నోరు చూద్దామని. దాని కంటి పక్కన గాయం. అది ఎవరి మీదికీ రాలేదు. తవ్విన గుంటలోనే గడ్డం ఆనించి పడుకుంది.

నాగమ్మ చీపురుతో గోడ అవతల నిలబడి ఉంది. "సూసినవా సిస్టరమ్మా. మొగన్నీ, మొసలినీ ఒక్కతీరుగ కూసోబెట్టిండ్రు" అంది.

"నీకు తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"కొట్టం పోతదని ఆయన కాళ్ళు పట్టుకున్నడు. నా కాళ్ళు."

చీపురు అక్కడే పడేసి నాతో వచ్చింది. గేటు దగ్గర మేనేజరు అడ్డం వచ్చాడు. ఆదివారం మధ్యలో తీసుకుపోతే ఎట్లా అన్నాడు. సాయంత్రం తీసుకుపొమ్మన్నాడు. నాగమ్మ అతని ముఖంలోకి చూస్తూ, సైదులు ఒంటి మీది ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, ఆ చొక్కా మేనేజరు చేతిలో పెట్టింది. "ఇది గూడ స్టూలు మీద కూసోబెట్టు" అంది. మేము ముగ్గురం రోడ్డు మీద నిలబడి ఎదురొచ్చిన ధాన్యం లారీ ఎక్కాం.

డాక్టరు గారు స్టంపు చూశారు. చాలాసేపు చూశారు. చీము ఎముక దాకా పోయింది. మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళి ఇంకో రెండు వేళ్ళ మేర తీసేయాల్సి వచ్చింది. మళ్ళీ ఈథర్ నేనే పోశాను. మర్నాడు మేనేజరు వచ్చి, సైదులు ఎప్పటికి పనిలోకి వస్తాడని అడిగాడు.

"అతను నా పేషెంటు. నా వార్డులోంచి బయటికి నడువు" అన్నారు డాక్టరు గారు.

వార్డంతా వింది. అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. ఆ మాట మొదటి వారంలో, బత్తాయిల బుట్ట బల్ల మీద ఉన్నప్పుడు అని ఉంటే ఆ రెండు వేళ్ళ మేర సైదులుకు మిగిలేది. ఆయనతో ఆ మాట అన్నాను కూడా. కోప్పడతారనుకున్నాను. "నిజమే కరుణా" అన్నారు. ఆ నిజమే అన్న మాటతో నా కోపం చల్లారలేదు. ఆయన దగ్గర ఇంకో ఏడాది పని చేశాను, మంచి సర్జన్ అని గౌరవంగానే చేశాను. కానీ మునుపటిలా మాత్రం కాదు.

సైదులూ నాగమ్మా పెన్‌పహాడ్ దగ్గర ఆమె అన్న ఊరికి వెళ్ళిపోయారు. మేకలు కాసుకుని బతికారు. ఎడమ చేత్తో తాడు పేనడం నేర్చుకున్నాడని, ఒక కొసను కాలి వేళ్ళ మధ్య పట్టుకుంటాడని నాగమ్మ ఒకసారి మందుల కోసం వచ్చినప్పుడు చెప్పింది. తోట మరో రెండేళ్ళకు మూతపడింది. కంట్రాక్టరుకు సినిమా హాళ్ళ మీదికి మనసు మళ్ళింది. ఆ మొసలి ఏమైందని చాలామందిని అడిగాను. వాడపల్లి దగ్గర కృష్ణలో వదిలేశారని కొందరన్నారు, తోలు ఎవరికో అమ్ముకున్నారని కొందరన్నారు. ఏది నిజమో నాకు తెలియదు.

ఈ కేసు నాకేం నేర్పిందంటే, గాయాన్ని శుభ్రం చేయడమూ కట్టు కట్టడమూ సగం పని. ఆ గాయం చుట్టూ మూగేవాళ్ళను నిలువరించడం మిగతా సగం. మంచం చుట్టూ నిలబెట్టే గుడ్డ తెరను మేము స్క్రీను అంటాం. తర్వాత నేను సూర్యాపేటలో ఒక నర్సింగ్ హోంలో సిస్టరుగా చేరాను. అక్కడికి పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలకు కట్టు కట్టడం కన్నా ముందు స్క్రీను పెట్టడం నేర్పేదాన్ని. చుట్టమైనా, దాత అయినా, రోగి సరేనంటే తప్ప తెర లోపలికి రాకూడదు. రోగి భయపడి సరే అన్నాడేమో అది కూడా చూసుకోవాలి. కొందరు అమ్మాయిలు నన్ను చాదస్తపు మనిషి అనుకునేవాళ్ళు.

ఆ దశాబ్దం చివర్లో ఒక రోజు ఎవరో నాయకుడు పళ్ళు పంచడానికి వచ్చాడు. వెంట పదిమంది, ఒక ఫోటోగ్రాఫరు. వార్డులో కిరోసిన్ స్టవ్ పేలి కాలిన ఒకావిడ ఉంది. కట్టు కొంచెం విప్పితే పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటామన్నారు. అక్కడ డ్యూటీలో ఉన్నది పనికి చేరి ఆరు నెలలు కూడా కాని అమ్మాయి. నేను పక్క గదిలో మందులు సర్దుతూ వింటున్నాను. ఆ అమ్మాయి స్క్రీను తెచ్చి మంచం ముందు నిలబెట్టింది. దాని ముందు తను నిలబడింది.

"పళ్ళు ఈ బల్ల మీద పెట్టి వెళ్ళండి సార్. ఆమెకు నేనిస్తాను" అంది.

ఎవరో గొంతు పెంచారు. ఎవరితో మాట్లాడుతున్నవో ఎరికేనా అన్నారు. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు, పక్కకూ జరగలేదు. మళ్ళీ అదే మాట చెప్పింది. నేను లేచి గుమ్మం దాకా వచ్చాను గానీ, లోపలికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. పళ్ళ బుట్ట బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత ఒక్కొక్కరూ నా ముందు నుంచే బయటికి నడిచారు.